నూకాలమ్మ పిలుపు అంకె

412వ రోజు

నాలుగో తెప్ప, రక్తపు గది చిట్టా. రాస్తున్నది సుభాషిణి, ఈ గది నా చేతికొచ్చిన నాటినుంచి రోజుల లెక్క.

నాకు ముందు ఈ గది చూసినాయన తొమ్మిదేళ్ళపాటు రోజూ ఒకే మాట రాశాడు: "అంతా సవ్యం." నాకు అలా చేతకాదు. ఏం జరిగిందో రాస్తేనే ఆ రోజు అయిపోయినట్టుంటుంది.

పొద్దున్నే ఎండపలకల మీద ఉప్పు కడిగాను. గాలి ఎక్కువగా ఉన్న రోజుల్లో అలల తుంపర ఎగిరొచ్చి పలకల మీద ఎండి తెల్లటి పొర కడుతుంది. కడక్కపోతే కరెంటు పడిపోతుంది. కరెంటు పడిపోతే తొట్టి చల్లబడుతుంది. తర్వాత గాజు గొట్టాలు మరగబెట్టి ఆరేశాను. ఆ పైన తొట్టి గదికి వెళ్ళి దణ్ణం పెట్టాను.

"మొక్కింది నాకా, దానికా?" అన్నాడు అసిరినాయుడు మావ. రోజూ అడుగుతాడు.

"ఇద్దరికీ మావా."

తొట్టి బీరువా అంత ఉంటుంది. అందులో తల్లికణాలు పెరుగుతాయి, అవి రక్తకణాలను కంటాయి. ఇరవయ్యారేళ్ళుగా నాయుడు మావే పొద్దునా సాయంత్రం దానికి మేత పోస్తున్నాడు. పాడిగేదెను చూసుకున్నట్టు చూసుకుంటాడు. సముద్రం మీద తేలే ఈ తెప్ప ఊళ్ళో రెండువందల ముప్పైమందిమి. ఎవరికి దెబ్బ తగిలినా, ఎవరు ప్రసవించినా తొట్టి రక్తమే. అందరికీ పడుతుంది, గ్రూపు చూడక్కర్లేదు. ఒక మనిషి చేతిలోంచి తీసి ఇంకో మనిషికి ఎక్కించడం ఇక్కడ ఎవరూ చూసి ముప్పై ఏళ్ళయింది.

ఇవాళ నూకాలమ్మ చిన్నమ్మ రోజు.

"ఏటే గుంటా, నా ఎముకలేటంతన్నాయి?" అంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. ఆవిడ తడి జుట్టులోంచి నీళ్ళు నేలంతా కారాయి. నాచు తాళ్ళ దగ్గర మునిగే ఆడవాళ్ళకి ఆవిడే పెద్ద. నాకు ఆరేళ్ళప్పుడు నన్ను తెప్ప అంచు మీంచి నీళ్ళలోకి తోసి ఈత నేర్పింది ఆవిడే. తోసిన మరుక్షణం తనూ దూకిందని మా అమ్మ చెబుతుంది. నాకు తోయడమే గుర్తుంది.

చిన్నమ్మకి నలభై ఏడేళ్ళు. పుట్టుకతో తలసేమియా. ఆవిడ ఎముకల్లోని మూలుగ రక్తకణాలను చేస్తూనే ఉంటుంది, అవి రక్తంలోకి రాకముందే రాలిపోతుంటాయి. అందుకని ఇరవయ్యొక్క రోజులకి ఒకసారి రెండు సంచులు ఎక్కించాలి. బయటి రక్తం సరిపడా ఉంటే మూలుగ ఊరుకుంటుంది. లేకపోతే ఫలితం లేని పనికి తెగబడి ఎముకలను ఉబ్బిస్తుంది. ఊళ్ళు మునిగి జనం పడవల మీద తిరుగుతున్న కాలంలో, చిన్నమ్మకి చిన్నప్పుడు రెండేళ్ళు రక్తం సరిగా అందలేదు. ఆ రెండేళ్ళకే బుగ్గల ఎముకలు, నుదురు పెరిగి ముఖం అలా స్థిరపడిపోయింది.

మూలుగ ఎంత పాటుపడుతోందో చెప్పే అంకె ఒకటుంది. పసి రక్తకణాలకి ఇనుమును అందుకునే చేతుల్లాంటివి ఉంటాయి. అవి తెగి రక్తంలో తేలుతుంటాయి. వాటిని లెక్కపెడితే లోపల పని ఎంత జరుగుతోందో తెలుస్తుంది. రక్తం కావాలని ఒళ్ళు పిలిచే పిలుపు కాబట్టి దాన్ని మేం పిలుపు అంకె అంటాం. నా అంకె రెండు. చిన్నమ్మది రక్తం ఎక్కించే రోజుకి ఆరు దగ్గర, ఎక్కించిన వారానికి నాలుగు. ఇవాళ ఎక్కించకముందు ఆరున్నర. కాస్త ఎక్కువే, పట్టించుకోలేదు.

సంచి సగమయ్యేసరికి ఆవిడ భర్త గంగన్న చిన్నాన్న ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. ఆయనది తెప్ప వంటశాల. చిన్నమ్మ ఏం తిన్నా పక్కన చిక్కటి డికాషన్ ఉండాల్సిందే. తిండిలో ఇనుము ఒంటికి పట్టకుండా టీ ఆపుతుందని ముప్పై ఏళ్ళ కిందట ఎవరో డాక్టరు చెప్పిన మాటను ఆయన ఒక్క పూట తప్పలేదు.

"తాగు."

"సేదు."

"సేదైతే ఏటి? నన్ను పెళ్ళాడీసినావు కదా, దానికన్నా సేదేటి?"

తాగింది.

419వ రోజు

వారం తర్వాతి పరీక్ష. అంకె ఐదు పాయింటు ఎనిమిది.

నాలుగుండాలి. గొట్టాలు సరిగా కడగలేదనుకుని మళ్ళీ మరగబెట్టి, మళ్ళీ చేశాను. ఐదు పాయింటు తొమ్మిది. నా రక్తం పెట్టి చూశాను. రెండు. యంత్రం బాగానే ఉంది.

హిమోగ్లోబిన్ మాత్రం పదిన్నర. రక్తం ఉండాల్సినంత ఉంది. మరి ఎవరిని పిలుస్తోంది?

424వ రోజు

చిన్నమ్మ మూడో తాడు దాకా వెళ్ళి సగంలోనే పైకి వచ్చేసిందట. కింద పనిచేస్తున్నవాళ్ళని వదిలి ఆవిడ ముందు పైకి రావడం ఎవరూ ఎరగరు. గంగన్న చిన్నాన్న గరిటె చేత్తోనే పరిగెత్తుకొచ్చి నన్ను తీసుకెళ్ళాడు.

అంచు మీద కూర్చుని ఉంది. పెదాలు నల్లగా ఉన్నాయి. వేలికి తొడిగే చిన్న దీపం పెట్టి చూశాను. తొంభై ఎనిమిది చూపించింది. అంటే రక్తం నిండా ప్రాణవాయువు ఉంది, మేం గాలి అనేది దాన్నే.

"ఊపిరి ఆడతాంది కానీ ఆడనట్టుంది," అంది. తర్వాత చిన్నాన్న కాస్త అవతలికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించింది. "సుబాసినీ, నా మోకాళ్ళలోనూ దవడల్లోనూ ఏటో కదుల్తాంది. సిన్నప్పుడు అలగే ఉండీది. మా యమ్మ ఉప్పు కాపడం పెట్టీది. ఆడితో అనకు."

"ఎందుకు?"

"ఆడు నిద్దరపోడు."

430వ రోజు

నాయుడు మావతో చెప్పాను. రక్తంలో తేడా ఉందేమో అన్నాను. ఆయన మేత కలిపే గరిటె కింద పెట్టలేదు.

"హిమోగ్లోబినెంత?"

"తొమ్మిది పాయింటు ఎనిమిది."

"మరేటి? నలబై ఏడేళ్ళ మనిసి. ఎన్నాళ్ళు మునుగుద్ది? నా రగతానికేటీ రోగం నేదు."

నా రక్తం అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన భార్య పోయిన రోజు కూడా సాయంత్రం మేత వేళకి ఇక్కడికి వచ్చాడని నాకు తెలుసు.

ఒకటో తెప్పలో ఉండే డాక్టర్ మెహరున్నీసా గారితో రేడియోలో మాట్లాడాను. ఆవిడ గుండె పరీక్ష చేయమన్నారు. చేశాను. గుండె బాగుంది. ఇనుము నిల్వ చూడమన్నారు. అదీ అదుపులోనే ఉంది.

"రక్తం ఎప్పుడు ఎక్కించాలో హిమోగ్లోబిన్ చెబుతుంది సుభాషిణీ. పిలుపు అంకె పక్కన ఉండే సంగతి. ఒక్కోసారి అది ఊరికే ఊగుతుంది," అన్నారు.

"ఊగడం లేదండీ. ఎక్కుతోంది."

"రాస్తూ ఉండండి," అన్నారు.

433వ రోజు

రెండు సంచులు ఎక్కించాను. ఎక్కించకముందు అంకె ఏడు పాయింటు ఆరు. చిన్నమ్మ జోకులేం వేయలేదు. తాగమనకుండానే డికాషన్ తాగింది. అది చూసి చిన్నాన్న భయపడ్డాడు.

437వ రోజు

ఎనిమిది పాయింటు ఒకటి.

రక్తం ఎక్కించి నాలుగు రోజులు. హిమోగ్లోబిన్ పదకొండు. ఈపాటికి మూలుగ చల్లబడాలి. రక్తం ఎక్కించాక పిలుపు ఇంకా పెరిగింది.

పొద్దుటినుంచీ అదే ఆలోచన. పలకలు కడుగుతూ కూడా అదే. మూలుగను పనిలోకి దించేది మూత్రపిండం. అది హిమోగ్లోబిన్ లెక్కపెట్టదు. తనకి గాలి అందుతోందా లేదా అన్నదొక్కటే దానికి కావాలి. నా యంత్రం రంగును కొలుస్తుంది. వేలి దీపమూ రంగునే చూస్తుంది. చిన్నమ్మ ఒళ్ళు మాత్రం గాలి చాలడం లేదంటోంది.

రక్తం నిండా గాలి ఉండీ ఒంటికి అందకపోతే, ఆ రక్తం గాలిని పట్టుకుని వదలడం లేదన్నమాట.

అలాంటి రక్తం గురించి చదువుకున్నాను. తల్లి కడుపులో బిడ్డకి ఉండేది. తల్లి రక్తంలోంచి గాలి లాక్కోవాలి కాబట్టి బిడ్డ రక్తానికి పట్టు ఎక్కువ. పుట్టిన కొన్ని నెలలకి అది పోయి పెద్దవాళ్ళ రక్తం వస్తుంది. తొట్టిలో తల్లికణాలు తరాలు మారీ మారీ ఆ బిడ్డ రకానికి జారిపోయాయా?

438వ రోజు

సబ్బు వండేవాళ్ళ దగ్గర కాస్త క్షారం తెచ్చాను. పెద్దవాళ్ళ రక్తాన్ని నీళ్ళలో కలిపి క్షారం పోస్తే రెండు నిమిషాల్లో గోధుమరంగుకి తిరుగుతుంది. బిడ్డ రకం తిరగదు, గులాబీ రంగులోనే ఉండిపోతుంది. చాలా పాతకాలపు పరీక్ష. యంత్రం అక్కర్లేదు.

నాయుడు మావను పిలిచాను. రానన్నాడు. "నీ రక్తమూ ఒక బొట్టు కావాలి మావా," అంటే ఎందుకో వచ్చాడు.

మూడు గొట్టాలు. ఒకటి నాది, ఒకటి ఆయనది, మూడోది తొట్టి సంచిలోది. మూడింట్లోనూ క్షారం పోసి బల్ల మీద పెట్టాను. ఇద్దరం నిలబడి చూశాం. నాది ముందు మారింది. తర్వాత ఆయనది. చెరువు బురద రంగు వచ్చింది రెండింటికీ. మూడోది గులాబీ రంగులో అలాగే ఉంది. ఐదు నిమిషాలయింది. పది నిమిషాలయింది.

నాయుడు మావ ఆ గొట్టం తీసి వెలుగుకి పట్టి చూశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"ఎన్నాళ్ళబట్టి?" అన్నాడు.

"తెలీదు మావా. చిన్నమ్మ అంకెలు వెనక్కి చూస్తే ఏడాదిగా కొద్దికొద్దిగా ఎక్కుతున్నాయి. మామూలు మనిషికి ఎక్కిస్తే ఆ మనిషి మూలుగ ఇంకాస్త రక్తం చేసుకుని సర్దుకుంటుంది. చిన్నమ్మకి ఆ వీలు లేదు. అందుకే ఆవిడలోనే బయటపడింది."

"నాను దానికేటి తక్కువ సేసినాను?"

"నువ్వేమీ తక్కువ చేయలేదు. అది ముసలిదైపోయింది, అంతే."

ఆయన అక్కడే పీట మీద కూర్చుండిపోయాడు. సాయంత్రం మేత వేళయితే నేనే పోశాను. అలవాటు కొద్దీ పోశాను గానీ ఇక ఎందుకో నాకూ తెలియలేదు.

439వ రోజు

డాక్టర్ గారికి మొత్తం చెప్పాను. ఈసారి ఆవిడ మధ్యలో ఆపలేదు.

"పక్కన ఉండే సంగతి అన్నాను. తప్పు నాదే," అన్నారు. ఆ ఒక్క మాటతో ఆవిడంటే నాకున్న భయం పోయింది.

ఒకటో తెప్ప మంచు నిల్వలో మొదట్లోనే దాచిపెట్టిన తల్లికణాలున్నాయి. వాటిని పంపుతారు. అవి పెరిగి రక్తం ఇవ్వడానికి ఐదు నెలలు. మిగతా తెప్పల్లో తొట్లు కూడా మాదానికి అక్కచెల్లెళ్ళే. వాటిని పరీక్షించేదాకా ఆ రక్తమూ తీసుకోకూడదు. అప్పటిదాకా చిన్నమ్మకి ఏం ఎక్కించాలి?

"పాత పద్ధతి," అన్నారు డాక్టర్ గారు. "మనుషుల దగ్గర తీసుకోండి."

ఇంకొకటి కూడా అడిగారు: అక్కడ ఎవరైనా గర్భంతో ఉన్నారా? ఒక్కతే ఉంది. వైదేహి, నాయుడు మావ కూతురు. మూడో నెల.

443వ రోజు

మూడు రోజులుగా వేళ్ళు పొడుస్తున్నాను. చిన్నప్పుడు ఎందరెందరివో ఎక్కించిన రక్తాల వల్ల చిన్నమ్మ ఒంట్లో పరాయి రక్తాన్ని ఎదిరించే విరోధాలు పెరిగి ఉన్నాయి. గ్రూపు ఒక్కటి కలిస్తే చాలదు, ఇంకా చాలా కలవాలి. రెండువందల ముప్పైమందిలో తొమ్మిదిమంది కలిశారు. నాది కలవలేదు.

గంగన్న చిన్నాన్నదీ కలవలేదు. సోమవారం చూశాను, లేదన్నాను. మంగళవారం వచ్చి, నిన్న ఉపవాసం ఉన్నాను, అందుకే తేడా వచ్చిందేమో, మళ్ళీ చూడమన్నాడు. చూశాను. ఇవాళ నిండుగా భోంచేసి వచ్చాడు.

"చిన్నాన్నా, గ్రూపు తిండితో మారదు."

"ముప్పయ్యేళ్ళు ఒకే కంచంలో తిన్నాం. కొంచెవైనా కలవదేటి?"

మళ్ళీ పొడిచాను. కలవదని ఇద్దరికీ తెలుసు. ఆయన వేలికి దూది అద్ది పట్టుకుని అలాగే కాసేపు కూర్చున్నాం.

446వ రోజు

అంకె పదకొండు దాటింది. ఎడమవైపు పక్కటెముకల కింద ప్లీహం చేతికి తగులుతోంది. అరచెయ్యంత పెరిగింది.

తొమ్మిదిమందీ ఇస్తామన్నారు. భయపడుతూనే అన్నారు. వద్దంటున్నది చిన్నమ్మ.

"తొట్టిలోదంటే ఎవరిదీ కాదు. మనుసుల్లోది తీసి నాకు పొయ్యడమేటి? ఒకళ్ళా, ఇద్దరా? మూడేసి వారాలకి ఇద్దర్ని పిండాల. ఐదు నెల్లు. ఆళ్ళ మొకాలెలగ సూడను?"

నేను బతిమాలాను. ఎముకల సంగతి చెప్పాను. బొమ్మ గీసి చూపించాను. ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది.

గంగన్న చిన్నాన్న గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. ఆయన గొంతు పెద్దది చేయడం నేనెప్పుడూ వినలేదు.

"నూకాలూ, ఇటు తిరుగు. నువ్వు ముప్పయ్యేళ్ళు అడుక్కి దిగి నాచు తీసినావు. ఆ నాచు అమ్ముకునే ఈ తెప్ప మీద పొయ్యిలెలిగినాయి. ఆళ్ళ ఒంట్లో రగతం దేంతో వచ్చిందనుకున్నావు? గాల్లోంచి వచ్చిందేటి? నీకు సిగ్గయితే కల్లు మూసుకో. నాను ఇవ్వలేకపోతన్నాను. ఇచ్చీవోళ్ళని ఆపకు."

చిన్నమ్మ లేచి కూర్చుంది.

"ఎవల్ది ముందు?" అంది నాతో.

447వ రోజు

ముందు వచ్చింది అసిరినాయుడు మావ. తొమ్మిదిమందిలో ఆయనొకడు. చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి, చూపు కిటికీ మీద పెట్టి పడుకున్నాడు. సూది ఎలా గుచ్చాలో డాక్టర్ గారు రేడియోలో చెబుతుంటే చేశాను. మూడోసారికి నరం దొరికింది. ఆయన కదల్లేదు. సంచి నిండాక లేచి నిలబడి, "ఇంతేనా?" అన్నాడు. అని పడిపోయాడు. గంగన్న చిన్నాన్న పట్టుకున్నాడు కాబట్టి తల పగల్లేదు.

ఆయనది, బడి పంతులమ్మ కరుణది కలిపి రెండు సంచులు ఎక్కించాను. చిన్నమ్మ కళ్ళు మూసుకోలేదు. మావనే చూస్తూ ఉంది.

"నాయుడూ, ఏటన్నా అంటాదేమోనని భయపడకు. నాకేటీ కోపం నేదు."

"ఇరవయ్యారేళ్ళు నీకు పోసింది నానే కదమ్మా," అన్నాడు ఆయన. "ఇప్పుడూ నానే."

454వ రోజు

ఐదు పాయింటు రెండు!

గొట్టాలు కడిగి మళ్ళీ చేయలేదు. నమ్మేశాను. పరిగెత్తుకుని వంటశాలకి వెళ్ళాను. చిన్నాన్న ఉల్లిపాయలు తరుగుతున్నాడు. అంకె చెప్పాను. నెపం ఉల్లిపాయల మీదకి నెట్టేసి చాలాసేపు కళ్ళు తుడుచుకున్నాడు.

496వ రోజు

మూడు విడతలయింది. ఎక్కించిన వారానికి అంకె నాలుగు పాయింటు ఒకటి. ప్లీహం రెండు వేళ్ళ దాకా తగ్గింది. దవడ నొప్పి లేదు.

ఎవరి రక్తం ఎక్కితే వాళ్ళ గుణాలు వచ్చాయని చిన్నమ్మ అందర్నీ ఆటపట్టిస్తోంది. పంతులమ్మ రక్తం ఎక్కిన వారం చేతిరాత బాగుపడిందట. వల బాగుచేసే పరమేశుది ఎక్కాక మధ్యాహ్నం నిద్ర ఆగడం లేదట. పరమేశు నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒరే, నిద్దరంటే ఎంత హాయిరా, ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు," అని చిన్నమ్మ ఆయన బుగ్గ గిల్లింది.

తొమ్మిదిమందికీ రక్తం ఇచ్చిన రోజు భోజనం గంగన్న చిన్నాన్న తన చేత్తో వడ్డిస్తాడు. ఎవరినీ పళ్ళెంలో మెతుకు వదలనివ్వడు.

592వ రోజు

కొత్త తల్లికణాలు రక్తం ఇచ్చాయి. నాయుడు మావ మొదటి గిన్నెడు తెచ్చి నా బల్ల మీద పెట్టి, క్షారం సీసా తనే మూత తీశాడు. రెండు నిమిషాలకి గోధుమరంగు వచ్చింది. ఇద్దరం నవ్వాం. నవ్వడానికి అదేం గొప్ప రంగు కాదు.

కానీ డాక్టర్ గారు ఒప్పుకోలేదు. "గొట్టంలో మంచిదే. ఒంట్లో ఎలా ఉంటుందో ఒళ్ళే చెప్పాలి. తేడా ఉంటే మామూలు మనిషి మూలుగ సర్దేసుకుని దాచేస్తుంది. దాచలేని మూలుగ మీ తెప్పలో ఒక్కటే ఉంది."

చిన్నమ్మను అడగాలంటే నాకు నోరు రాలేదు. ఐదు నెలలు కష్టపడి దింపిన అంకె. మనుషుల రక్తంతో హాయిగా ఉంది. తొమ్మిదిమందీ ఇంకో విడత ఇవ్వడానికీ సిద్ధంగానే ఉన్నారు. ఇటు చూస్తే వైదేహికి తొమ్మిదో నెల వస్తోంది. తుపాన్ల కాలం మొదలైంది, ఒకటో తెప్పకి పడవలు తిరగడం లేదు. ఆమె గ్రూపు వాళ్ళను వెతికి పెట్టాను, నలుగురున్నారు. అవసరం పడితే ఆ గాభరాలో సూదులు పట్టుకుని కూర్చునే వ్యవధి ఉంటుందా?

నేను నీళ్ళు నములుతుంటే చిన్నమ్మే అంది: "అడగడానికేటే అంత ముక్కుతన్నావు? ఎక్కించీ."

"తేడా వస్తే మళ్ళీ ఎముకలు..."

"వత్తే సెప్తాను. నా ఒంటికి సెప్పడం వొచ్చు కదా."

గంగన్న చిన్నాన్న ఏమీ అనలేదు. ఫ్లాస్కు తేవడానికి వెళ్ళాడు.

599వ రోజు

నాలుగు. వారం తర్వాత ఉండాల్సినంతే.

నమ్మడానికి తొందరపడకూడదని డాక్టర్ గారన్నారు. మూడు వారాలూ ఆగాలి. చిన్నమ్మ రోజూ పొద్దున్నే వచ్చి చెయ్యి చాపుతోంది. ఎంతెక్కాను, ఎంతదిగాను అని తూకం అడిగినట్టు అడుగుతోంది. మెట్లెక్కి దిగి, ఊపిరి ఎలా ఉందో తనే చెబుతోంది. నిన్న నన్నడక్కుండా రెండో తాడు దాకా మునిగి వచ్చిందట. "పరీచ్చే కదా," అంది.

613వ రోజు

ఐదు పాయింటు తొమ్మిది. ఇరవయ్యొకటో రోజుకి ఇంతే ఉండాలి. హిమోగ్లోబిన్ తొమ్మిదిన్నర. పరీక్ష పూర్తయింది. సంచుల మీద "వాడవచ్చు" అని రాసి సంతకం చేశాను. చిన్నమ్మ కూడా వేలిముద్ర వేస్తానని పట్టుబట్టింది. చదువొచ్చు కదా, సంతకం చెయ్యమంటే, వేలిముద్రే వేస్తానంది. ప్రతి సంచి మీదా వేసింది.

615వ రోజు

మధ్యాహ్నం వైదేహికి నొప్పులు మొదలయ్యాయి. గాలికి తెప్ప గొలుసులు మూలుగుతున్నాయి. రేడియోలో డాక్టర్ గారి గొంతు తెగి తెగి వినిపిస్తోంది. నాలుగు గంటలకి బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఏడుపు బాగుంది.

ఆ తర్వాత రక్తం ఆగలేదు.

మందు ఇచ్చాను. కడుపు మీద ఒత్తి పట్టుకున్నాను. పక్క తడిసిపోయింది. వైదేహి మాట ముద్దయింది, గోళ్ళు తెల్లబడ్డాయి. నాయుడు మావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "మావా, సంచులు!" అని అరిచాను. ఆయనే తెచ్చాడు. ఒకటి తగిలించాను. రెండోది తగిలించాను. రెండో సంచి సగానికి వచ్చేసరికి రక్తస్రావం నెమ్మదించింది. మూడోది అక్కర్లేకపోయింది. వైదేహి కళ్ళు తెరిచి, పాప ఏదని అడిగింది. డాక్టర్ గారికి చెబుదామని రేడియో దగ్గరికి వెళితే నాకు ఏడుపొచ్చి మాట రాలేదు. ఆవిడకి అర్థమైంది. అటునుంచి ఆవిడా ముక్కు చీదుకోవడం వినిపించింది.

బయటికి వస్తే వరండాలో నూకాలమ్మ చిన్నమ్మ ఉంది. నొప్పులు మొదలయ్యాయని తెలిసి వానలో తడిసి వచ్చి అప్పటినుంచీ అక్కడే నిలబడిందట.

"ఆ రగతం పని సేసిందేటి?"

"చేసింది చిన్నమ్మా. ఇద్దరూ బాగున్నారు."

ఆవిడ గడప మీద కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నలబై ఏడేళ్ళబట్టి ఎవరో ఒకళ్ళు నాకిత్తానే ఉన్నారు గుంటా. తొట్టీ ఇచ్చింది, మీరూ ఇచ్చినారు. నాను ఒకళ్ళకి ఇవ్వడం ఇదే."

అది తొట్టి రక్తం, నువ్వు ఇచ్చింది కాదు అనబోయాను. ఆ సంచుల మీద వేలిముద్రలు ఎందుకు వేసిందో అప్పుడు తెలిసింది. ఆ రక్తాన్ని ఇరవయ్యొక్క రోజులు తన ఎముకల మీద మోసి, మంచిదో కాదో తేల్చి, ఆ తర్వాతే ఇంకొకరిదాకా పోనిచ్చింది.

"అవును చిన్నమ్మా. నువ్విచ్చిందే."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి చీరకొంగు పిండుకుని లోపలికి వెళ్ళింది. వైదేహి పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. వెచ్చగా ఉంది.